క్రిస్మస్ చెట్టు: సరుగుడు కొమ్మా? ప్లాస్టిక్ చెట్టా?

డిసెంబరు నెల సగానికి వచ్చిందంటే చాలు, అమలాపురం, రాజోలు, కొత్తపేట బజార్లలో రంగు కాగితాల నక్షత్రాలు వేలాడుతుంటాయి. ఒకపక్క సైకిళ్ళ మీదా, ఆటోల మీదా సరుగుడు కొమ్మలు దిగుతుంటాయి. ఇంకోపక్క ఫ్యాన్సీ షాపుల గుమ్మాల్లో పచ్చటి ప్లాస్టిక్ చెట్లు గొడుగుల్లా విప్పి నిలబెడతారు. పిల్లలేమో ప్లాస్టిక్ చెట్టు దగ్గరే ఆగిపోతారు. అత్తగారేమో "ఆ డబ్బుతో బండెడు కొమ్మ వస్తుంది కదే" అంటారు. మధ్యలో పర్సు పట్టుకుని నిలబడేది మీరూ, నేనూ!

ఈ తర్జనభర్జన మనకే కాదు, విదేశాల్లోనూ ప్రతి ఏడాదీ వుంటుంది. అసలు చెట్టు మంచిదా, నకిలీ చెట్టు మంచిదా అని అక్కడి పత్రికలు పేజీలు నింపుతాయి. కాని వాళ్ళు అసలు చెట్టు అనేది ఒకటి, మనం అనేది మరొకటి. వాళ్ళ లెక్క తెచ్చి మన ఇంట్లో పెట్టుకుంటే పొరుగావిడ జాకెట్టు తొడుక్కున్నట్టే, ఎక్కడో ఒకచోట పట్టేస్తుంది. అందుకని కోనసీమ ఇంటికి, కోనసీమ గాలికి, మన పర్సుకి తగ్గట్టుగా ఈ సంగతి ఒకసారి మాట్లాడుకుందాం.

ఫలానా చెట్టే పెట్టాలా?

ముందుగా ఒక సందేహం తీర్చుకుందాం. పండక్కి చెట్టు నిలబెట్టే ఆచారం జర్మనీ దేశంలో పుట్టింది. 16వ శతాబ్దం నాటికే అక్కడ ఇళ్ళల్లో చెట్లు పెట్టుకునేవారు. ఇంగ్లండు రాణి విక్టోరియా భర్త ఆల్బర్ట్ జర్మనీవాడే. ఆ రాజకుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ 1848లో ఒక లండన్ పత్రికలో అచ్చయ్యాక, ఇంగ్లండులో మామూలు ఇళ్ళల్లో కూడా ఈ ముచ్చట బాగా పాకింది.

మన వైపు సంగతి చూస్తే, విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు 1836లో ఇండియాకి వచ్చి, తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురమే కదా! 1840ల్లో గుంటూరులోనూ, రాజమండ్రిలోనూ లూథరన్ మిషన్లు మొదలయ్యాయి. ఇలా వచ్చిన మిషన్ల వెంట పాటలూ, పండగ పద్ధతులూ కూడా మన గోదావరి ఒడ్డుకి చేరాయి.

అయితే వాళ్ళ దేశాల్లో పెట్టే ఫర్, స్ప్రూస్ చెట్లు చలిదేశాలవి. మన ఉక్కకి అవి బతకవు. అందుకే మన తీరంలో వాళ్ళు చూపుకి దగ్గరగా వుండే సరుగుడు కొమ్మ తెచ్చుకున్నారు. బైబిల్లో క్రిస్మస్ చెట్టు మాటే లేదు. అందుకే కొన్ని కుటుంబాల్లో చెట్టు అసలు పెట్టరు, అది వాళ్ళ ఇష్టం. పెట్టుకునేవాళ్ళకి అది పిల్లల ముచ్చట, ఇంటి అలంకారం. కనుక ఫలానా చెట్టే పెట్టాలన్న నియమం ఎక్కడా లేదు. మన దగ్గర ఏది సులువుగా, నష్టం లేకుండా దొరుకుతుందో అదే మనకి క్రిస్మస్ చెట్టు.

సరుగుడు సంగతి కాస్త తెలుసుకుందాం

సరుగుడు, కొందరు సర్వి అంటారు, చూడ్డానికి పైన్ చెట్టులా వున్నా ఆ జాతిది కాదు. మనం ఆకులు అనుకునే ఆ సన్నటి పచ్చని పుల్లలు నిజానికి ఆకులు కావు, లేత రెమ్మలు. ఒక పుల్ల తీసుకుని మెల్లగా లాగండి. కణుపు దగ్గర టక్కున ఊడుతుంది. మళ్ళీ అక్కడే పెట్టి అతికించి, "ఎక్కడ విరిగిందో చెప్పు" అని చిన్నప్పుడు మనందరం ఆడినవాళ్ళమే. ఆ కణుపు చుట్టూ ఏడెనిమిది చిన్న చిన్న పళ్ళలాంటివి కనిపిస్తాయి చూడండి, అవీ అసలు ఆకులు. ఆకు అంత చిన్నది కాబట్టి నీళ్ళు తక్కువ ఖర్చవుతాయి, ఇసకలోనూ బతుకుతుంది. పైగా దీని వేళ్ళకి బుడిపెలుంటాయి. వాటిలో వుండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకి ఎరువుగా మార్చి పెడతాయి. అందుకే అంతర్వేది నుంచి ఓడలరేవు, ఎస్.యానాం దాకా మన సముద్రపు ఒడ్డు ఇసకలో ఇంకేదీ సరిగా పెరగనిచోట కూడా సరుగుడు నిటారుగా నిలబడుతుంది.

రైతులు దీన్ని నాలుగైదేళ్ళు పెంచి కొట్టిస్తారు. లావుపాటి మాను కాగితం మిల్లుకి వెళుతుంది. సన్నటి బాదులు పందిళ్ళకీ, మేడలు కట్టేటప్పుడు సెంట్రింగుకీ వెళతాయి. మిగిలిన చివరలూ, పక్క కొమ్మలూ వంటచెరకు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, అసలు కిటుకు ఇక్కడే వుంది. మనకి పండక్కి కావలసింది బాదు కాదు, ఆ చివర కొమ్మే! ఎలాగూ కొట్టేసిన చెట్టు నుంచి, ఎలాగూ పొయ్యిలోకి వెళ్ళే కొమ్మని వారం రోజులు మన హాల్లో నిలబెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. రైతుకి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి కూడా.

లేత మొక్క తల నరకొద్దు

ఇక్కడే ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. చక్కగా శంఖం ఆకారంలో వుంటుందని కొందరు రెండేళ్ళ మొక్క తల నరికి తెచ్చి అమ్ముతారు. చూడ్డానికి నిజంగానే బావుంటుంది, బేరం కూడా తక్కువే చెబుతారు. కాని తల పోయిన సరుగుడు ఇక తిన్నగా పెరగదు. పక్క కొమ్మలు పైకి లేచి చెట్టు వంకర తిరుగుతుంది. రైతు తోటదైతే ఆ బాదుకి ధర రాదు. ఒడ్డున గాలి కోసం వేసిన తోటదైతే నష్టం మనందరిదీ.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపాను చూసినవాళ్ళు మన పాఠకుల్లో చాలామందే వుంటారు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరితోటలు తోటలే నేలకొరిగాయి. ఆ ఏడాది డిసెంబరులో చాలా ఇళ్ళల్లో పండగ మాటే ఎత్తలేదు. సరుగుడు తోట తుపానునంతా ఆపేస్తుందని నేను చెప్పడం లేదు. కాని దట్టంగా వున్న తోట గాలి విసురు తగ్గిస్తుంది, ఇసక ఎగిరి పొలాల మీదా, ఇళ్ళ మీదా పడకుండా అడ్డుకుంటుంది. అందుకే ప్రభుత్వం కూడా ఒడ్డు పొడవునా ఈ మొక్కలు వేయిస్తోంది. అలాంటి తోటలోకి రాత్రిపూట వెళ్ళి తలలు నరుక్కొచ్చేవాడి దగ్గర మనం కొంటే, వచ్చే ఏడాది ఇంకో పది తలలు నరకమని చెప్పినట్టే.

తెలుసుకోవడం ఎలా అంటారా? కొమ్మ మొదలు చూడండి. పక్క కొమ్మ అయితే ఒకవైపుకి కాస్త వంగి, ఒకపక్కే ఎక్కువ రెమ్మలతో వుంటుంది. మొక్క తల అయితే కర్ర నిటారుగా, చుట్టూ సమానంగా కొమ్మలతో వుంటుంది. పెద్దచెట్టు చివర కూడా ఇలాగే వుండొచ్చు కాబట్టి, "ఏ తోట కొట్టారు బాబూ?" అని అడగండి. తోట కొట్టినవాడు ఊరి పేరు, రైతు పేరు తడుముకోకుండా చెబుతాడు. ఇంకా మంచి పద్ధతి ఏమిటంటే, మీ ఊరి కట్టెల అడితీలో డిసెంబరు మొదటివారంలోనే "పండక్కి ఒక పచ్చి చివర కావాలి" అని చెప్పి వుంచడం. 22, 23 తేదీల్లో తెచ్చిపెడతారు.

కొమ్మ తెచ్చాక ఏం చెయ్యాలి?

సరుగుడు కొమ్మ కొన్న ఆనందం ఒక్కరోజులో ఎండిపోకుండా వుండాలంటే కొంచెం పని వుంది.

కొమ్మ పచ్చిగా వుందో లేదో కొనేటప్పుడే చూడండి. రెమ్మ వంచితే వంగాలి, పెళుసుగా విరగకూడదు. కొమ్మని నేలమీద ఒకసారి తట్టితే పుల్లలు జలజలా రాలాయంటే అది కొట్టి చాలా రోజులైందన్నమాట.

ఇంటికి తెచ్చాక దొడ్లో గట్టిగా దులపండి. చీమలు, సాలీళ్ళు, గొంగళిపురుగులు అక్కడే పోతాయి. ఒక బకెట్టు నీళ్ళు పైనుంచి పోసి నీడలో ఆరనివ్వండి. మొదలు దగ్గర ఒక అంగుళం మేర ఏటవాలుగా కోసి, వెంటనే నీళ్ళలో పెట్టండి.

నిలబెట్టడానికి పాత ఇనప బకెట్టు గాని, సిమెంటు కుండీ గాని తీసుకుని, అడుగున నాలుగు ఇటికముక్కలు వేసి, తడి ఇసక దట్టించండి. రోజూ పొద్దున్న ఒక చెంబెడు నీళ్ళు పోస్తే క్రిస్మస్ దాటేదాకా పచ్చగా వుంటుంది. బకెట్టు కనపడకుండా పాత ఎర్రచీర గాని, గోనెపట్టా గాని చుట్టండి.

సరుగుడు రెమ్మలు జారుగా వుంటాయి, బరువు మొయ్యవు. ఒక్క కొమ్మ పల్చగా వుంటే రెండు మూడు కొమ్మల్ని ఒక వెదురుకర్రకి పురికొసతో కట్టండి. కింద పొడుగువి, పైన పొట్టివి. అప్పుడు చెట్టు నిండుగా కనిపిస్తుంది. గాజు గుండ్లు, బరువైన బొమ్మలు వేలాడదియ్యకండి. రంగు కాగితాల నక్షత్రాలు, దూది, పిల్లలు కత్తిరించిన బొమ్మలు చాలు. సరుగుడు కాయలున్నాయి చూడండి, గరుగ్గా, రేగ్గింజంత వుంటాయి, వాటికి బంగారు రంగు పూసి దారంతో గుచ్చితే చక్కటి దండ తయారవుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇంట్లో ఉబ్బసం వున్నవాళ్ళుంటే కొమ్మ చివర గోధుమరంగు పూత వున్నది తేవద్దు. ఆ పుప్పొడి వాళ్ళకి పడకపోవచ్చు.

ఇక ప్లాస్టిక్ చెట్టు

నకిలీ చెట్టు కొత్త విషయమేమీ కాదు. 19వ శతాబ్దంలోనే జర్మనీలో బాతు ఈకలకి పచ్చరంగు వేసి, తీగకి చుట్టి చెట్లు తయారుచేసేవారు. ఇప్పుడు వచ్చేవి చాలావరకు చైనాలో తయారైన ప్లాస్టిక్ చెట్లు. వీటిలో రెండు రకాలు. పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని చీల్చి తీగకి మెలితిప్పినది ఒకటి. ఇది పి.వి.సి. రకం, చవక. అచ్చులో పోసిన ఆకులతో, కాస్త దళసరిగా, నిజం చెట్టులా కనిపించేది రెండోది. దీని ఖరీదు ఎక్కువ.

ప్లాస్టిక్ చెట్టు వల్ల లాభాలు లేకపోలేదు. ఆకు రాలదు, నీళ్ళు పొయ్యక్కర్లేదు. అద్దె ఇంట్లో, మేడమీద రెండు గదుల్లో వుండేవాళ్ళకి ఇసక బకెట్టు బాధ లేదు. డిసెంబరు ఒకటి నుంచి సంక్రాంతి దాకా వుంచుకోవచ్చు. పెద్దవయసువాళ్ళు ఒక్కరే వుండే ఇంట్లో కొమ్మ మోసుకొచ్చేవాళ్ళుండరు, వాళ్ళకి ఇదే సుఖం.

కొనేటప్పుడు మాత్రం నాలుగు విషయాలు చూడండి. మొదటిది స్టాండు. మా పక్కింటావిడ కొన్న చెట్టుకి ప్లాస్టిక్ కాళ్ళు రెండో ఏడే విరిగిపోయాయి, చెట్టు శుభ్రంగా వుండి కూడా నిలబెట్టడానికి లేకపోయింది. ఇనప కాళ్ళున్నది తీసుకోండి. రెండోది వాసన. ఘాటుగా ప్లాస్టిక్ కంపు కొట్టేది వద్దు. మూడోది ఆకు. వేళ్ళతో నిమిరితే చేతికి ఊడి రాకూడదు. నాలుగోది, నిప్పు త్వరగా అంటుకోని రకం అని డబ్బా మీద రాసి వుందేమో చూడండి.

ఇంకో జాగ్రత్త. పాత రకం పి.వి.సి. చెట్లలో ప్లాస్టిక్ త్వరగా పాడవకుండా సీసం కలిపేవారు. ఏళ్ళు గడిచి ప్లాస్టిక్ పెళుసెక్కితే ఆ పొడి రాలుతుంది. సీసం పసిపిల్లలకి మంచిది కాదు. అందుకని చెట్టు విప్పిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి. పాకే పిల్లలున్న ఇంట్లో ఆకులు నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి. ముట్టుకుంటే పొడి రాలే చెట్టుని ఇక వాడకండి.

పదేళ్ళ లెక్క

డబ్బు సంగతి చూద్దాం. పదిహేను వందలు పెట్టి చెట్టు కొన్నారనుకోండి. మూడేళ్ళకి పారేస్తే ఏడాదికి అయిదు వందలు పడింది. పదేళ్ళు వాడితే నూట యాభై. అంటే ప్లాస్టిక్ చెట్టు చవకా, ఖరీదా అన్నది షాపువాడు చెప్పే ధరలో లేదు, మన అటకలో వుంది!

ప్రకృతి లెక్క కూడా అచ్చు ఇలాగే వుంటుంది. బ్రిటన్లో కార్బన్ ట్రస్ట్ అనే సంస్థ ఒక లెక్క వేసింది. ఆరున్నర అడుగుల ప్లాస్టిక్ చెట్టు తయారీకి, రవాణాకి కలిపి సుమారు 40 కిలోల కర్బన వాయువు గాలిలో కలుస్తుందట. అదే ఎత్తు నిజం చెట్టుని పండగయ్యాక కట్టెగా కాల్చేస్తే మూడున్నర కిలోలు, చెత్తకుప్పలో పూడ్చి కుళ్ళబెడితే 16 కిలోలు. అంటే ప్లాస్టిక్ చెట్టు కనీసం పది, పన్నెండేళ్ళు వాడితేగాని కాల్చేసిన నిజం చెట్టుతో సమానం కాదు. మరి అక్కడ చెట్టుని పండగ కోసమే ఏళ్ళ తరబడి పెంచి కొడతారు. మన సరుగుడు చివర అలా కాదు, బాదు కోసం కొట్టిన చెట్టులో మిగిలినది. అది సముద్రాలు దాటి రాదు, పక్క మండలం నుంచి వస్తుంది. కాబట్టి మన లెక్కలో కొమ్మకి ఇంకా ఎక్కువ మార్కులే పడతాయి.

అలాగని ఇంట్లో వున్న ప్లాస్టిక్ చెట్టుని ఈ వ్యాసం చదివి పారేయకండి! అది అన్నిటికంటే తప్పు. కొన్నదాన్ని అరిగేదాకా వాడటమే దాని మీద పెట్టిన డబ్బుకీ, ప్రకృతికీ న్యాయం.

అటకమీద పదేళ్ళు వుండాలంటే

మన కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. ఒడ్డుకి దగ్గరవాళ్ళకి ఉప్పుగాలి కూడా. ఇనప కాడలు త్వరగా తుప్పు పడతాయి. పండగయ్యాక చెట్టుని పొడి కుంచెతో దులిపి, ఎండలో కాకుండా గాలికి ఒక పూట ఆరబెట్టండి. ఎండ తగిలితే రంగు వెలిసి ఆకు పెళుసెక్కుతుంది. ఇనప కాడకీ, కాళ్ళకీ గుడ్డతో కొంచెం నూనె రాయండి. కొమ్మల్ని పైకి మడిచి, పాత నూలు చీర చుట్టి, అట్టపెట్టెలో పెట్టండి. ఎలుకల భయం వుంటే మూతగట్టిగా పట్టే డబ్బాలో పెట్టడం మంచిది. దీపాల తీగల్ని చెట్టుకే వదిలెయ్యకండి, విడిగా ఒక అట్టముక్కకి చుట్టి దాచండి. మరుసటి ఏడాది చిక్కులు తియ్యడానికి ఒక పూట పట్టదు.

మూడో దారి: కుండీలో మొక్క

సరుగుడూ వద్దు, ప్లాస్టిక్కూ వద్దు అనుకునేవాళ్ళకి కడియం నర్సరీలు వున్నాయి. రావులపాలెం దాటి, జొన్నాడ వంతెన మీదుగా రాజమండ్రి రోడ్డున వెళితే కడియపులంక దగ్గర రోడ్డుకి రెండుపక్కలా మొక్కలే. అక్కడ "క్రిస్మస్ ట్రీ" అని అడిగితే ఇచ్చేది సాధారణంగా అరకేరియా మొక్క. పసిఫిక్ సముద్రపు దీవుల నుంచి వచ్చిన జాతి ఇది. అంతస్తులు అంతస్తులుగా, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు వుంటుంది.

దీన్ని వెలుతురు బాగా పడే వరండాలో వుంచి, పండగ వారం పదిరోజులు మాత్రం హాల్లోకి తెచ్చుకుని, మళ్ళీ వరండాలో పెట్టెయ్యాలి. కుండీలో నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి, పైమట్టి ఆరాకే నీళ్ళు పొయ్యండి. రెమ్మలు లేతవి, కాగితం నక్షత్రాలు తప్ప బరువు పెట్టకండి. తల మాత్రం ఎప్పుడూ కత్తిరించకండి, ఆకారం మళ్ళీ రాదు. ఇంకో మాట, కుండీలో ముద్దుగా వుంది కదా అని ఇంటిగోడ పక్కన నేలలో నాటేరు! దాని సొంత దేశంలో అది నూరడుగులు దాటి పెరిగే మహావృక్షం. నాటాలనుకుంటే ఇంటికీ, కరెంటు తీగలకీ దూరంగా, ఖాళీస్థలం వున్నచోటే.

దీపాల దగ్గర జాగ్రత్త

ఏ చెట్టయినా సరే, చెట్టు మీద కొవ్వొత్తి వెలిగించకండి. సరుగుడు మంచి వంటచెరకు అనుకున్నాం కదా, పచ్చిది కూడా అంటుకునే గుణం దానికుంది. ఎండిన కొమ్మ అయితే చెప్పనక్కర్లేదు. కొవ్వొత్తులు విడిగా పళ్ళెంలో, కర్టెన్లకి దూరంగా పెట్టుకోండి.

సీరియల్ సెట్టు వేసేముందు తీగ పొడవునా చూడండి. ఎక్కడైనా పైతొడుగు ఊడి రాగి కనిపిస్తే ఆ సెట్టు వాడొద్దు, టేపు చుట్టి సరిపెట్టొద్దు. ప్లాస్టిక్ చెట్టు లోపల ఇనపతీగే వుంటుంది. తెగిన వైరు దానికి తగిలితే చెట్టంతా షాకు కొడుతుంది. తళుకు దండలు వైర్లకి చుట్టుకోకుండా వెయ్యండి. ఇసక బకెట్టులో నీళ్ళు పోసేటప్పుడు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసెయ్యండి. పడుకునేముందు, చర్చికి బయల్దేరేముందు దీపాలు ఆర్పే బాధ్యత ఇంట్లో ఒకళ్ళకి అప్పజెప్పండి. ఎల్.ఇ.డి. దీపాలు వేడెక్కవు, కరెంటూ తక్కువ కాలుతుంది, కొత్తవి కొంటే అవే కొనండి.

పండగ అయ్యాక?

సరుగుడు కొమ్మ ఎండాక ముక్కలు కొట్టి నీళ్ళ పొయ్యిలో పెట్టుకోవచ్చు. లేకపోతే మూడువారాల్లో భోగి వస్తుంది కదా, ఆ వీధి మంటలో వేసేవాళ్ళకి ఇవ్వండి, సంతోషంగా పట్టుకుపోతారు. ఒక పండగ చెట్టు ఇంకో పండగ మంటకి పనికొస్తుంది. రాలిన పుల్లలు పాదుల్లో వేస్తే నేల తేమ ఆరకుండా కాపాడతాయి. అయితే మెరుపు కాగితాలు, దూది, తీగలు అన్నీ తీసేశాకే సుమండీ.

ప్లాస్టిక్ చెట్టు పాడైతే మాత్రం పొరపాటున కూడా భోగిమంటలో వెయ్యనివ్వకండి. పి.వి.సి. కాలితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది, మంట చుట్టూ నిలబడే పిల్లల గొంతులోకి పోయేది ఆ పొగే. ఇనప కాడ, కాళ్ళు విడదీసి పాతసామాన్లవాడికి ఇవ్వండి. మంచి కొమ్మలు నాలుగుంటే విరిచి గుమ్మానికి తోరణంలా కట్టుకోండి, ఇంకో మూడేళ్ళు వస్తాయి. మిగిలినది పొడి చెత్తలో వెయ్యండి.

ఎవరికి ఏది?

దొడ్డి వుండి, దగ్గర్లో సరుగుడు అడితీ వుంటే, కొట్టిన చెట్టు చివర కొమ్మ. అద్దె ఇల్లు, మేడమీద గది, మోసేవాళ్ళు లేరు అంటే, గట్టి కాళ్ళున్న ప్లాస్టిక్ చెట్టు ఒకటే, పదేళ్ళకి. వరండా వుండి మొక్కలంటే ఇష్టమైతే, కుండీలో అరకేరియా. ఇంట్లో ఇప్పటికే ప్లాస్టిక్ చెట్టు వుంటే, కొత్తది ఏదీ వద్దు, దాన్నే దులిపి పెట్టండి. ఏదీ కొనే ఆలోచన లేకపోతే కొబ్బరి ఈనెల కట్ట వుండనే వుంది. ఈనెల్ని శంఖంలా కట్టి పచ్చకాగితం చుట్టి, పైన ఒక నక్షత్రం పెట్టండి. కోనసీమలో ఈనెలకి కరువా చెప్పండి!

చూశారుగా, అసలుదా, నకిలీదా అన్నదానికంటే, ఎక్కడ నుంచి వచ్చింది, ఎన్నాళ్ళు వుంటుంది, చివరికి ఎక్కడికి పోతుంది అన్నవే ముఖ్యం. ఈ మూడూ అడిగి కొంటే మీ పర్సూ బావుంటుంది, మన ఒడ్డున తోటా బావుంటుంది. అడితీలో ఈ వారమే ఒక మాట చెప్పి వుంచండి. ఆలస్యమైతే 24వ తేదీ సాయంత్రం బజార్లో మిగిలేవి తలలు నరికిన లేతమొక్కలే.

అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు!